మూడో ప్లాట్‌ఫారం మీదికి మహానౌక

ఆ ఉదయం మైకుగారి పథకం చాలా చిన్నది. పొద్దుటి రద్దీ తగ్గాక తన నవల చివరి అధ్యాయాన్ని ఫోనులో భార్యకు చదివి వినిపించాలి. ఆమె ఏదో ఒక దారి చెబుతుంది. దాన్ని రాసేసి సాయంత్రంలోగా ప్రచురణకర్తకు పంపేయాలి.

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో అద్దాల గదిలో కూర్చుని మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకే బస్‌స్టేషన్లో అందరికీ ఆయన మైకుగారే. ఏళ్ళ తరబడి ఆయన రాస్తున్న నవలలో ఏడు సూర్యుల సామ్రాజ్యం నుంచి గ్రహాంతరవాసులు మనుషుల మీద దండెత్తి వస్తారు. శత్రువుల్ని మరీ బలవంతుల్ని చేసేశారేమో, మనుషుల్ని గెలిపించడం ఆయన వల్లే కాలేదు. విసుగెత్తి అందర్నీ లొంగదీసి 'సమాప్తం' అని రాసేశారు. ప్రచురణకర్త ఊరుకోలేదు. "ఇంత లావు పుస్తకం చదివించి చివర్లో ఏడిపిస్తే ఎవడు కొంటాడండీ? రేపు సాయంత్రానికి మనుషులు గెలవాలి. లేదా పుస్తకం సంగతి మరిచిపోండి" అని నిన్ననే తెగేసి చెప్పాడు.

మైకుగారికి ఇంకో బలహీనత కూడా ఉంది. ఆయన మైకులో మాట్లాడినట్టే రాస్తారు, రాసింది మైకులో మాట్లాడినట్టే చదువుతారు. ఆయన నవలలో రోదసి నౌకలు కూడా ప్లాట్‌ఫారాల మీదికే వచ్చి ఆగుతాయి. ఇక మైకు ఆన్‌లో ఉన్నప్పుడు వెలగాల్సిన ఎర్ర బల్బు మాడిపోయి చాలా రోజులైంది. కొత్తది అడిగితే డిపో మేనేజరు "మాట వినబడుతోందిగా, మళ్ళీ దీపం దేనికి?" అన్నాడు.

మైకుగారు ఫోను స్పీకరులో పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"దయచేసి వినండి. ఏడు సూర్యుల సామ్రాజ్యం నుంచి బయలుదేరిన మహానౌక మరికొద్దిసేపట్లో మూడో ప్లాట్‌ఫారం మీదికి వచ్చును. మానవులందరూ ఆయుధములు వదిలి లొంగిపోవలెను. ఈ నౌక ఎక్కినవారు తిరిగి రారు."

ఇదంతా బస్‌స్టేషన్ నలుమూలలా ఖంగున మోగింది. అక్కడి జనం ఆ గొంతులోంచి ఏరుకునేది ఒక్కటే, ప్లాట్‌ఫారం నంబరు. మిగతాదంతా వాళ్ళకు అక్కర్లేదు. మూడు అనగానే బెంచీల మీదున్నవాళ్ళంతా సంచులు భుజాన వేసుకున్నారు.

"అత్తయ్యా, మూడోదట! తొందరగా రండి!"

సరిగ్గా అప్పుడే, కడిగించడానికి షెడ్డుకు పోతున్న ఖాళీ బస్సును డ్రైవరు టీ కోసం మూడో ప్లాట్‌ఫారం దగ్గర ఆపాడు. తలుపు తీసి దిగబోయాడు గానీ జనం అతన్ని లోపలికి నెట్టుకుంటూ ఎక్కేశారు.

"దిగండమ్మా, ఈ బస్సు ఎక్కడికీ పోదు!" అని అతను మొత్తుకున్నాడు.

"పోనిదానికి మైకులో ఎందుకు చెప్తారు?" అంది అప్పటికే కిటికీ పక్కన మూట పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ. "ఏదో దూరపు ఊరే చెప్పారు. తిరిగి రాదట కూడా."

"అయితే రానూపోనూ టికెట్టు ఇవ్వరా?" అన్నారెవరో వెనకనుంచి.

అద్దాల గదిలో ఫోనులోంచి, కుట్టుమిషను చప్పుడు మధ్య భార్య గొంతు లేచింది. పక్కనే ఉన్న మైకు దాన్ని కూడా వదల్లేదు. "ఏవండీ, మీ మనుషులకేమైనా జబ్బా? నౌక వస్తే చేతులు కట్టుకుని నిలబడతారా? మనుషులన్నాక తోసుకోవాలి గానీ!"

అంతవరకూ మర్యాదగా వరసలో నిలబడ్డ నలుగురూ ఆ మాట విన్నారు. "తోసుకోమని మైకులోనే చెప్తున్నారు" అనుకుని వాళ్ళూ తోసుకున్నారు. ఆ తోపులాటలో డ్రైవరు ముందు తలుపులోంచి ప్లాట్‌ఫారం మీద పడ్డాడు. ఒకటో ప్లాట్‌ఫారం మీద అసలు వెళ్ళాల్సిన బస్సు ఖాళీగా నిలబడి ఉంది. దాని కండక్టరు రమ్మని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు.

మేనేజరు రొప్పుతూ గదిలోకి వచ్చాడు. "ఏమిటయ్యా ఈ సామ్రాజ్యం? మైకు ఆన్‌లో ఉంది!" మైకుగారికి ప్రాణం పోయినంత పనైంది. పుస్తకం ఎలాగూ పోయింది, ఇప్పుడు ఉద్యోగమూ పోయేలా ఉంది. మేనేజరు మైకు లాక్కుని "అందరూ దిగిపోండి!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఆ అరుపులో ప్లాట్‌ఫారం నంబరు లేదు మరి.

మైకుగారు దిగులుగా అద్దంలోంచి బయటికి చూశారు. బస్సులో జనం కాళ్ళు చాపుకున్నారు. తినుబండారాల డబ్బాలు తెరిచారు. డ్రైవరు సీటు మీద ఎవరిదో సంచి ఉంది. బస్సు తెచ్చినవాడు కింద నిలబడి "అమ్మా, కనీసం నా సీటైనా ఇవ్వండి" అని బతిమాలుతున్నాడు.

మైకుగారి దిగులు ఎగిరిపోయింది. ఆయన గబగబా కలం అందుకున్నారు.

"నిన్ను సస్పెండ్ చేస్తా!" అన్నాడు మేనేజరు.

"చెయ్యండి సార్. విచారణలో ఎర్ర బల్బు సంగతి కూడా వస్తుంది" అన్నారు ఆయన, తలెత్తకుండానే.

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బల్బు ఇవాళే పెట్టిస్తాను. ముందు వాళ్ళను దించండి, మైకుగారూ."

"ఈ పేరా అయిపోనివ్వండి."

పేరా అయ్యాక ఆయన "ఒకటో ప్లాట్‌ఫారం" అన్నారు. ఒక్క పెద్దావిడ తప్ప షెడ్డు బస్సు క్షణంలో ఖాళీ అయింది. సాయంత్రానికి అధ్యాయం ప్రచురణకర్తకు చేరింది. అందులో మహానౌక తలుపు తెరుచుకోగానే మానవజాతి లొంగిపోవడం మానేసి లోపలికి దూసుకుపోతుంది. సీట్లన్నీ నిండిపోగా సామ్రాజ్యాధిపతి బయట నిలబడి సంధికి ఒప్పుకుంటాడు. "ఇప్పుడు వీళ్ళు మనుషుల్లా ఉన్నారు" అంది భార్య, దారం కొరుకుతూ.

ప్రచురణకర్త మాత్రం ఫోను చేసి గొణిగాడు. "బాగానే ఉంది గానీ, అంత బలవంతులు సీట్ల దగ్గర ఓడిపోయారంటే జనం నమ్ముతారా?"

"బస్సెక్కేవాళ్ళు నమ్ముతారు" అన్నారు మైకుగారు. పుస్తకం ఖాయమైంది.

కిటికీ పక్క సీటు వదలనన్న పెద్దావిడ ఆ బస్సుతోపాటే షెడ్డుకు వెళ్ళి, కిటికీ అద్దం మూయడం మరిచిపోయి, బస్సుతోపాటు తానూ తడిసి, శుభ్రంగా తిరిగి వచ్చింది.