తూకం యంత్రం వేసిన కొసరు

జ్ఞాపకశక్తిని ప్రభుత్వం పెట్టెలో పెట్టి పంపిన మొదటి ఊరు పుంగనూరు అని నిస్సందేహంగా చెప్పవచ్చు. (సందేహించేవారు మూడు ప్రతుల్లో అర్జీ పెట్టుకోవాలి.)

1987లో ఇక్కడి పట్టుగూళ్ల కొనుగోలు కేంద్రానికి కంప్యూటరు వచ్చింది. తూకం యంత్రాన్ని దానికి వైరుతో కలిపారు. యంత్రం చెప్పిన బరువును కంప్యూటరు గుర్తుపెట్టుకుని, రైతు పేరుతో చీటీ అచ్చు వేయాలి. మొదటి రోజే గంగవరం తిమ్మక్క గంప తూచగానే, పేరుండాల్సిన చోట 'మెమరీ తప్పు' అని వచ్చింది. పేరు లేని చీటీకి సరుకు కొనరాదని నిబంధన. వారంలో అమ్మకపోతే పురుగు గూడు కొరుక్కుని బయటికొస్తుంది, చిల్లుపడిన గూటికి దారం రాదు. (ఈ నిబంధన పురుగులది, సడలింపు లేదు.)

మదనపల్లెలో కంప్యూటరు నేర్చుకొచ్చిన ముక్తియార్ ప్రోగ్రాం అంతా వెతికి, అధికారి నారాయణస్వామి గారికి విన్నవించాడు.

"సార్, బరువుకు మనం ఆరు గళ్లే పెట్టినాం. యంత్రం ఆరూ పంపించి, అయిపోయిందని ఇంగో గుర్తు కొసరేస్తాండాది. దానికి సోటు లేక పక్కనుండే ఈయమ్మ పేరు మీద పడతాండాది. ఒక గడి పెంచితే సరిపోతాది."

"కొసరు లేకుండా తూసేది యాడుండాదప్పా," అంది తిమ్మక్క. ఆమెకు వెంటనే అర్థమైంది.

నారాయణస్వామి గారు చదువుకున్నవారు కాబట్టి అంత తొందరగా అర్థం కాలేదు. కేంద్రంలో కొసరు నిషిద్ధం. ప్రభుత్వ యంత్రమే కొసరు వేయడం దుష్ప్రవర్తన. యంత్రానికి మెమో అంటించారు. (అది 0.000 అని బదులిచ్చింది. పొగరుగా నమోదు చేశారు.) విచారణ ముగిసేదాకా కీబోర్డును బీరువాలో పెట్టి సీలు వేశారు. గడి పెంచే విషయం కుప్పంలోని జ్ఞాపకశక్తి ఉపసంఘానికి వెళ్లింది. గడి పొడవు ఎన్ని అంగుళాలని వాళ్లు అడిగారు.

తిమ్మక్క రోజూ బస్సులో గంప తెచ్చేది. ఐదో రోజు ఒక గూడును చెవి దగ్గర ఊపి, "ఇంగ రెండు దినాలే తాళేది నాయనా," అంది. ముక్తియార్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధయ్యేది కాదు. మార్చాల్సింది ఒక్క అంకె.

తొమ్మిదో రోజు అనుమతి వచ్చింది. సీలు విప్పారు, గడి పెంచారు, గంప తూచారు, సరుకు రకం చూసి నమోదు చేశారు. కంప్యూటరు ఏమీ మరచిపోలేదు. నారాయణస్వామి గారు చీటీ చించి స్వయంగా తిమ్మక్కకు అందించారు.

"సూడమ్మా, నీ పేరు ఒక్క అక్షరం పోకుండా వచ్చుండాది."

దాని కింద 'చిల్లుగూళ్లు, కొనదగవు' అన్నది కూడా ఒక్క అక్షరం పోకుండానే వచ్చింది.