విప్పకూడని పొట్లం

ఆదివారం పొద్దున కాఫీలు కాగానే వైదేహి గొర్రెపిల్ల మాంసానికి నిమ్మరసం, వెల్లుల్లి, ఒరెగానో ఆకుపొడి పట్టించి, కాగితంలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఓవెన్ పై అరలో పెట్టింది. కింది అరలో మూతపెట్టిన గిన్నె కనిపిస్తే అదేమిటని మురళి అడిగాడు.

"బంగాళాదుంపలండీ."

మధ్యాహ్నం భోజనానికి నికోస్ వస్తున్నాడు. కరోనాలో మురళి ఆస్పత్రి పాలైనప్పుడు అతని ఉద్యోగం ఊడకుండా అడ్డం నిలబడిన ముదీర్, అంటే మేనేజరు, ఆయనే. రేపే దుబాయ్ వదిలి గ్రీసు వెళ్లిపోతున్నాడు. "మా అమ్మ పోయాక మా గ్రీకు మాంసం వంట క్లెఫ్టికో తినలేదు" అని ఆయన ఎప్పుడో అన్న మాటను వైదేహి మనసులో పెట్టుకుంది. ఆ రుణం ఎలాగూ తీరదు, కనీసం ఆ రుచైనా సరిగ్గా రావాలని ఆమె పట్టుదల.

"విప్పితే ఆవిరి పోతుంది, వంట చెడుతుంది. ఎవరూ ముట్టుకోకండి," అని చెప్పి బ్రెడ్డు తేవడానికి వెళ్లింది.

ఎవరికి చెప్పింది? జన్మలో మూత తీసి చూడకుండా మాంసం దించని ఇంటివాళ్లకి!

ముందు అత్తగారు శ్యామలాదేవి వచ్చింది. "అల్లం లేదు, మసాలా లేదు. పరాయివాడి ముందు కోడలిపిల్ల పరువు పోదూ!" అని పొట్లం విప్పి రెండూ దట్టించింది. తర్వాత మామగారు వెంకట్రావు వచ్చి, "అయ్యో, మాడిపోతోందే!" అని గ్లాసుడు నీళ్లు పోశాడు. ఆఖరున మురళి ముక్క చిదిమి నోట్లో వేసుకున్నాడు. చప్పగా ఉంది. కారం చల్లేసరికి తడిసిన కాగితం కాస్తా చిరిగింది. కంగారుగా అమ్మ పూలదారం తెచ్చి కడుతుంటే గుమ్మంలో శ్యామలాదేవి.

"ఒరేయ్, నువ్వు కూడానా?"

"కూడా అంటే?"

వెనకే వెంకట్రావు దగ్గాడు. ముగ్గురి దొంగతనమూ బయటపడేసరికి కాలింగ్ బెల్ మోగింది. వైదేహి, నికోస్ లిఫ్టులో కలిసి వచ్చారు. మురళి గబగబా పొట్లాన్ని మళ్లీ ఓవెన్‌లోకి తోసేశాడు.

నికోస్ కూర్చుంటూనే కథ మొదలుపెట్టాడు. పూర్వం దొంగలు కాజేసిన గొర్రెను, వాసన బయటికి పొక్కకుండా గుంతలో మూసి కాల్చేవారట. అదే క్లెఫ్టికో, అంటే దొంగల వంట. ముగ్గురూ తలలు దించుకున్నారు.

వైదేహి ఓవెన్ తెరిచి కింది గిన్నె తెచ్చింది. మూత తీస్తే దుంపల మీద మరో పొట్లం! విప్పగానే మాంసం ఎముక నుంచి దానంతటదే విడిపోయింది. నికోస్ ఒక ముక్క తిని కళ్లు మూసుకున్నాడు.

"మా అమ్మ చేతి వంటే," అన్నాడు.

బ్రెడ్డు కోసం వెళ్లిన వైదేహి వెనకే మురళి వంటింట్లోకి పరుగెత్తాడు. "ఇదెక్కడిదే?"

"పైది మీకోసమే పెట్టానండీ. విప్పకుండా ఉండే ఇల్లా మనది?"

ఈ మనిషికి చేతులెత్తి మొక్కాలనిపించింది మురళికి. ఆమె మాత్రం నవ్వుతూ పూలదారం పొట్లం తెచ్చి ముగ్గురి ముందూ పెట్టింది.

మూడు చేతులు పడిన ఆ వంటలో ఉప్పు మాత్రం ఎవరూ వేయలేదు.