ఎల్స్‌వర్త్ గారు చేతిలోకి తీసుకున్న తుపాకీ

క్లింగర్ లోయ చెకుముకి తుపాకీల సంఘం వారు ఈ ఏడు కూడా జింకల వేటను దిగ్విజయంగా ముగించారు. జింకలన్నీ క్షేమం.

పెన్సిల్వేనియా కొండల్లో క్రిస్మస్ వెళ్ళగానే ఈ వేట మొదలవుతుంది. తాతల కాలం నాటి చెకుముకి తుపాకీతోనే వేటాడాలన్నది ప్రభుత్వం వారి నిబంధన. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో కూరి, చెకుముకి రాయి రాజుకుంటుందో లేదోనని దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాలి. రాజుకుంటే చప్పుడు. లేకపోతే ఒక చిన్న బుస, తలెత్తి జాలిగా చూసే ఒక జింక.

సంఘ కార్యదర్శి విల్మర్ హోక్ స్వతహాగా మంచివాడు. అతనికి అలాంటి తుపాకీలు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటిలో ఏదీ ఇంతవరకు జింకను చూసి ఎరగదు. కానీ సంఘంలో గౌరవం జింకల మీద ఆధారపడి లేదు. తుపాకీకి బిగించిన మేపుల్ కొయ్యలో చార ఎలా తిరిగింది, ఇత్తడి నగిషీ ఎవరి చేతిది, గుడ్డపేలికకు ఎలుగుబంటి కొవ్వు రాయాలా, ఉమ్మి చాలునా అనే విషయాల మీద ఉంది. ఉమ్మి పక్షం వారు, కొవ్వు పక్షం వారు రెండేళ్ళుగా ఒకే బల్ల మీద కాఫీ తాగడం లేదు. దుర్భిణి బిగించిన కొత్త రకం తుపాకీ తెచ్చిన ఒక సభ్యుణ్ణి, మానవతా దృక్పథంతో, కారులో కూర్చోనిచ్చారు.

ఈ విషయాల్లో తుది తీర్పు అధ్యక్షులు ఎల్స్‌వర్త్ బ్రూబేకర్ గారిది. ఆయన ఒకరి తుపాకీని చేతిలోకి తీసుకున్నారంటే ఆ మనిషి దశ తిరిగినట్టే. "ఊఁ" అన్నారంటే ఆ ఊఁ గురించి ఆ ఇంట్లో వేసవిదాకా చెప్పుకుంటారు. విల్మర్ తన తొమ్మిదో తుపాకీ చేతికి రావడానికి రెండేళ్ళు కాచుకున్నాడు. ఎల్స్‌వర్త్ గారు దాన్ని ఇంతవరకు కన్నెత్తి చూడలేదు. భోజనం దగ్గర కూడా విల్మర్‌కు ఆ దిగులే.

ఇక్కడ ఒక సాంకేతిక అంశం మనవి చేయాలి. ఈ తుపాకీలో ఒకసారి మందూ గుండూ కూరాక బయటికి తీయడానికి తేలిక దారి ఒకటే, పేల్చేయడం. కూరిన తుపాకీని ఇంకొకరి చేతికివ్వడం మహాపరాధం. కనుక మెచ్చుకోలు కావలసిన వాడెవడైనా ముందు తన తుపాకీని మట్టిగట్టులోకి పేల్చేసుకోవాలి. మెచ్చుకోలు అక్కరలేని సభ్యుడు సంఘంలో లేడు. అందుచేత రోజూ పొద్దున్నే అందరూ శ్రద్ధగా మందు కూరుకుని అడవి అంచున నిలబడేవారు. కాసేపటికి ఎవరికో కాఫీ గుర్తొచ్చేది. గట్టు దగ్గర చేరి టపటపా పేల్చేసి, ఒకరి తుపాకీ ఒకరు తిప్పి చూసుకునేవారు. జింకలు తెలివితక్కువవి కావు. ఆ మోత వినబడగానే, వడ్డన మొదలైందని అర్థం చేసుకుని, పిల్లలతో సహా ఆర్ఫా క్లింగర్ గారి ఆపిల్ తోటలోకి దిగేవి.

ఆర్ఫా గారు ఆ నేల యజమానురాలు, విల్మర్‌ను చిన్నప్పటినుంచీ ఎరిగిన పెద్దావిడ. జింకలు తగ్గుతాయన్న ఆశతోనే సంఘాన్ని తన పొలంలోకి రానిస్తోంది. కిందటి వసంతంలో నాటిన మొక్కల్లో సగం ఇప్పుడు వట్టి పుల్లలు. ఆఖరి రోజు ఉదయం విల్మర్‌ను గేటు దగ్గర ఆపింది.

"ఏరా విల్మరూ, ఇవాళ సాయంత్రంలోగా ఒక్క జింకైనా పడిందా సరే. లేదా రేపట్నుంచి గేటుకి తాళం. మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నా."

"పడుతుంది పెద్దమ్మా. నాదీ పూచీ."

ఆ మాట అతను మనస్ఫూర్తిగా అన్నాడు. తండ్రి వేలు పట్టుకుని తిరిగిన నేల అది. దాన్ని పోగొట్టుకోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. అందుకే ఆ రోజు కాఫీకి కూడా వెళ్ళకుండా, కంచె పక్కన మంచులో కాళ్ళు కొంకర్లు పోతున్నా కదలకుండా నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా పైన్ చెట్ల మధ్యనుంచి ఒక బలిసిన ఆడజింక బయటికొచ్చింది. నేరుగా మొక్క దగ్గరికి నడిచి, లేతకొమ్మ కొరికి నమలసాగింది. గురి తప్పడానికి వీల్లేనంత దగ్గర. విల్మర్ తన తొమ్మిదో తుపాకీ ఎత్తాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఏమయ్యా, ఇది ఎవరు చేసిందీ?"

వెనక ఎల్స్‌వర్త్ గారు! చలి తట్టుకోలేక కాస్త ముందుగానే కాఫీకి బయల్దేరినట్టున్నారు.

"జింకండీ..." అని గుసగుసలాడాడు విల్మర్.

"కనిపిస్తోందిలే. కొయ్యలో చార భలే తిరిగిందే! ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

"ఒక్క నిమిషం ఆగండి, దీన్ని కొట్టి..."

"జింకలు రోజూ వస్తాయయ్యా. నాకు మళ్ళీ చూడబుద్ధవుతుందో లేదో."

విల్మర్ జింకను చూశాడు. ఆర్ఫా గారి వంటింటి కిటికీ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ తనవైపు చాచని ఆ చేతిని చూశాడు. తర్వాత మెల్లగా గొట్టం మట్టిగట్టు వైపు తిప్పి, పేల్చేశాడు.

జింక ఉలిక్కిపడనైనా లేదు. ఆ మోత విని పైన్ చెట్లలోంచి ఇంకో మూడు వచ్చాయి.

ఎల్స్‌వర్త్ గారు తుపాకీని అటూ ఇటూ తిప్పారు, భుజానికి ఆనించారు, ఇత్తడిని బొటనవేలితో రుద్దారు.

"బాగుంది. ముందు భాగం కాస్త బరువెక్కువ," అని తిరిగిచ్చి, చేతులు నులుముకుంటూ కాఫీకి వెళ్ళిపోయారు.

ఆర్ఫా గారు శాలువా కప్పుకుని మంచులో నడిచి వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీ నాన్నకి ఒక్కటే తుపాకీ ఉండేదిరా. అదెలా ఉంటుందో మేమెవరమూ చూళ్ళేదు. మాంసం మాత్రం వీధి వీధంతా తిన్నాం," అని గేటు వైపు వెళ్ళింది.

విల్మర్ బయటికి రాగానే వెనక తాళం పడిన చప్పుడైంది. ఇంటికొచ్చాక భార్య వెర్నా "జింకేమైంది?" అని అడిగితే, "ఎల్స్‌వర్త్ గారు చేతిలోకి తీసుకున్నారు," అన్నాడు. ఆమె కోడిని పొయ్యిలో పెట్టింది.

ఆ వారమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "సోదరులారా! మన తుపాకీల్లో లోపం లేదు, మనలో అంతకన్నా లేదు," అని అధ్యక్షులు గంభీరంగా సెలవిచ్చారు. "ఈనాటి జింకలకే సంప్రదాయమంటే గౌరవం లేదు!" కరతాళధ్వనులు మిన్నుముట్టాయి.

అవి ఆగకముందే పక్క పొలం లెనోర్ పెటిట్ గారు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. జింకలకు పేర్లు పెట్టి, చలికాలం మొక్కజొన్న పోసి పెంచే ఆవిడ. ఆవిడ గేటు మీద 'వేట నిషేధం' అన్న పలక ఇరవై ఏళ్ళుగా ఉంది.

"మీకు చోటు పోయిందట కదా. నా పొలానికి వచ్చెయ్యండి నాయనా, ఎన్నేళ్ళైనా ఉండండి. మీరక్కడ ఉంటే నిజం వేటగాళ్ళెవరూ అటు రారు. మూడేళ్ళుగా చూస్తున్నాగా, నా పిల్లల్ని మీకప్పగిస్తే నాకు నిశ్చింత."

సంఘం లేచి నిలబడి ఆవిడకు వందనం చేసింది. ఇంతటి గుర్తింపు తమకు ఎన్నడూ దక్కలేదని ఎల్స్‌వర్త్ గారు కళ్ళు తుడుచుకున్నారు. విల్మర్ ఒక్కడికే చెవులు ఎర్రబడ్డాయి. కానీ తీర్మానం రాయవలసిన కార్యదర్శి అతనే కాబట్టి, 'ఏకగ్రీవం' అని రాశాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. నవ్వడం అయ్యాక ఒకసారి మీ ముందుగదిలోని అద్దాల బీరువా తెరవండి. బంగారు అంచు పింగాణీ కప్పులు ఉంటాయి, పెళ్ళిలో వచ్చినవి. చుట్టాలు వచ్చినప్పుడల్లా వాటిని చూపించి, మెచ్చుకున్నాక బీరువా మూసి, స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇస్తున్నారు కదా. సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తులు ఇంకా తీసుకుంటున్నారు.