ఆవిరైన రెండు బకెట్లు

ఆ మంగళవారం ఉదయానికి కామేశ్వరమ్మ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి: ఐదున్నరకు కాఫీ, ఆరుకు పత్రిక, ఈ రెంటి నడుమ పక్కింటి చేపల తొట్టిలోంచి రెండు బకెట్ల నీళ్ళు. మూడవదాన్ని ఆమె ఏనాడూ దొంగతనంగా భావించలేదు. ప్రొద్దుటూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు జంతుశాస్త్రం బోధించిన మనిషి, ఊరికే పడివున్న నత్రజనిని తన కరివేపాకు చెట్టుకు చేర్చడాన్ని సద్వినియోగమనే అంటుంది.

తొట్టి నయీంది. కువైట్‌లో పదకొండేళ్ళు ఏసీలు బిగించి వచ్చినవాడు, పెరట్లో టార్పాలిన్ తొట్టి కట్టి, చెరువు లేకుండానే తిలాపియా చేపలు పెంచుతున్నాడు. కిటుకంతా నీళ్ళలోనే ఉంది. అందులో బెల్లంతో బతికే సూక్ష్మజీవులు చేపల మలినాన్ని హరించి, చివరకు తామే చేపలకు మేతవుతాయి. కనుక ఆ నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉంటాయి, ఉండాలి. ఈ పంట నిలిస్తే నయీం ఇంటిపట్టునే ఉంటాడు. నిలవకపోతే వచ్చే నెల పదవ తేదీన మళ్ళీ విమానం. అతని భార్య మసరత్ వంటింటి క్యాలెండరును గోడవైపు తిప్పి తగిలించింది.

తొట్టిలో నీళ్ళు తగ్గుతున్నాయని రెండు నెలల కిందట నయీం కలవరపడ్డాడు.

"యాడ కారతాందో అర్థం కాలేదు టీచరమ్మా."

"కారడం కాదప్పా, ఆవిరి. మన ఎండకు ఆ మాత్రం పోతుంది," అని ఆమె ప్రహరీ మీదుగా పావుగంటసేపు పాఠం చెప్పింది. అతడు శ్రద్ధగా విని, అయినా టార్పాలిన్‌కు రెండుసార్లు అతుకులు వేశాడు.

ఆ మంగళవారమే మత్స్యశాఖ అధికారి సహస్ర తొట్టిని చూడటానికి వస్తోంది. ఆమె మెచ్చుకుంటే, పులివెందుల, వేంపల్లె రైతులకు ఈ పద్ధతి నేర్పే పని నయీంకు దొరుకుతుంది. జమ్మలమడుగు నుంచి ఆమెకు దారి చూపుతూ తీసుకురావడానికి అతడు ఏడింటికే బయలుదేరాడు.

పదిగంటలకు మసరత్ పిలిచింది. "టీచరమ్మా, ఒకసారి రాండి. చేపలు శానా హుషారుగా ఉండాయి. అన్నీ పైకొచ్చి మనల్నే చూస్తాండాయి."

కామేశ్వరమ్మ ప్రహరీలోని చిన్న తలుపు దాటి, తొట్టి పక్కన తాపీవాడెవడో వదిలిపోయిన ఇటుకలెక్కి తొంగిచూసింది. తొట్టి అడుగు కనిపించింది. కనిపించకూడదు.

"నీళ్ళేమయ్యాయమ్మా?"

"మురికంతా వదిలేసి కుళాయి నీళ్ళు పట్టినా. ఆఫీసరు ముందు చూసేది శుభ్రమే అని మీరే కదా చెప్తిరి."

చెప్పింది. కానీ అది పెరట్లో ఆరేసిన బట్టల గురించి.

మసరత్ అత్తగారు చాంద్‌బీ చేట పట్టుకొని వచ్చింది. "పాపం, ఆకలికి నోళ్ళు తెరుస్తాండాయక్కా. రేపటి మేత కూడా ఏసేసినా."

కామేశ్వరమ్మ పరిస్థితిని లెక్కగట్టింది. నీళ్ళలో క్లోరిన్ ఉంది, మలినాన్ని హరించే జీవి లేదు, కుళ్ళడానికి రెండు రోజుల మేత ఉంది. "ఇంట్లో విటమిన్ సి మాత్రలున్నాయా?"

"చేపలకు జలుబా అక్కా?"

"క్లోరిన్ విరుగుతుంది. పన్నెండు కావాలి. గాలి మోటారు పూర్తిగా తిప్పండి."

మాత్రలు నూరి కలిపాక చేపలు కాస్త కిందికి దిగాయి. అప్పుడు కామేశ్వరమ్మ చెప్పగా, మురికి అనుకున్నది మురికి కాదని, అది లేనిదే సాయంత్రానికి చేపలు నిలవవని మసరత్‌కు తెలిసింది. ఆమె ఏడవలేదు. బట్టలుతికే బండ మీద చతికిలబడి, తడి చేతులు చూసుకుంది.

"ఈ చేతుల్తో నేనే ఆయన్ని విమానమెక్కిచ్చినట్లయ్యె."

కామేశ్వరమ్మకు పట్టరాని ఆగ్రహం కలిగింది. అజ్ఞానం మీద, అత్యుత్సాహం మీద, మేత మీద వరుసగా దాన్ని ప్రయోగించి చూసింది. చివరకు అది ప్రయోగించడానికి మిగిలింది తానొక్కతే. ఆమె పెరట్లో కరివేపాకు చెట్టు కింద రెండు నీలం డ్రమ్ములున్నాయి, వాటిలో చెట్టుకు పోయగా మిగిలిన నాలుగు వందల లీటర్ల చిక్కటి టీ రంగు నీళ్ళున్నాయి. వాసన రాకూడదని ఆమె వాటికి మనవరాలి ఆక్వేరియం పంపు తగిలించి, అప్పుడప్పుడు బెల్లం కూడా వేసేది.

"బిందెలు తీసుకురండి," అంది.

డ్రమ్ముల ముందు నిలబడి మసరత్ అడిగింది: "ఇవి యాడివి టీచరమ్మా?"

"మీవే."

చాంద్‌బీ బిందె ముంచి, వాసన చూసి, తీరికగా అంది: "ఆవిరిని శానానే దాచిపెట్టినావు గదా అక్కా."

ఆఖరి బిందె పోస్తుండగా జీపు ఆగింది. సహస్ర గాజు గొట్టంలో నీళ్ళు పట్టి వెలుగుకెత్తి చూసింది. "మడ్డి పలచగా ఉంది. ఈ కరివేపాకు ఏంది?"

నయీం తొట్టినీ, భార్య ముఖాన్నీ చూశాడు. మసరత్ నోరు తెరవబోయింది. కామేశ్వరమ్మ తరగతిలో నిలబడినట్టు నిలబడింది.

"రెండు నెలలుగా రోజూ నలభై లీటర్లు నేను దొంగిలించాను. ఈ ఉదయం నీళ్ళు మారింది నా మాట వల్ల. దొంగిలించినదాంట్లో మిగిలింది తిరిగి పోశాను. ఈ అమ్మాయి తప్పేమీ లేదు."

సహస్ర చాలాసేపు రాసుకుంది. మూడవ రోజు మళ్ళీ వచ్చేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగాయి, చేపలు మేత కోసం ఎగబడుతున్నాయి. ఆమె నివేదికలో ఇలా ఉంది: "ప్రతి రైతూ సూక్ష్మజీవులున్న నీటిని కొంత పొరుగింట్లో నిల్వ ఉంచుకోవాలి. ఇక్కడ ఆ ఏర్పాటు ఆదర్శప్రాయం." నయీంకు పని దొరికింది.

ఆ సాయంత్రం కామేశ్వరమ్మ క్షమాపణ చెప్పడానికి వెళ్ళింది. నయీం పూర్తి కానివ్వలేదు.

"నాకు తెలుసులే టీచరమ్మా. మునివేళ్ళ మీద నిలబడి ముంచుతాంటిరి. పడతారేమోనని ఆ ఇటుకలు పేర్చింది నేనే."

"మరి అతుకులెందుకు వేసినావు?"

"మొదటిది తెలియక. రెండోది, తెలిసిందని మీకు తెలియకూడదని."

వంటింట్లో క్యాలెండరు ఇప్పుడు ముఖం ఇటు తిప్పుకొని ఉంది. మర్నాడు ఆరు కాకముందే ప్రహరీ తలుపు దగ్గర రెండు నిండు బకెట్లు కనిపించాయి. వాటి వెనుక గోడ మీద సుద్దముక్కతో 'ఆవిరి' అని రాసి ఉంది. కామేశ్వరమ్మ కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. తర్వాత నీళ్ళు కొలిచి, ఆ మాట కింద రాసింది: 'రెండు లీటర్లు తక్కువ.'