వేలిముద్ర లేనివాడి వైభోగం

అయ్యా, అమ్మా, ఈ లోకంలో మనిషికి దక్కే అదృష్టాలన్నిట్లోకీ గొప్పదేమిటో మీకు తెలుసా? డాబా ఇల్లు కాదు. మంచి ఆరోగ్యం కాదు. మాట వినే పిల్లలు అసలే కాదు. వేలిముద్రలు అరిగిపోవడం!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. ఇది విని నవ్వేవాళ్ళంతా వేలిముద్రలు ఉన్నవాళ్ళే. లేనివాడి సుఖం వాళ్ళకెలా తెలుస్తుంది?

నేను తాపీ మేస్త్రీని. ఇటుక పేర్చడం, సిమెంటు పూయడం, గోడ నున్నగా చేయడం, ముప్ఫై రెండేళ్ళుగా నాకు ఇదే పని. పొద్దున ఎనిమిదింటికి మనిషిలాగే బయల్దేరతాను. సాయంత్రం ఆరింటికి బూడిదరంగు బొమ్మనై తిరిగొస్తాను. చెవుల్లో ఇసుక, కనుబొమల మీద సిమెంటు, జేబులో ఎలా వచ్చిందో తెలియని కంకర. మా ఆవిడ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి, చాప దులిపినట్టు దులిపి, ఆ తర్వాతే లోపలికి రానిస్తుంది. ఇన్నేళ్ళూ నేనే గోడల్ని నున్నగా చేస్తున్నానని అనుకున్నాను. గోడలూ ఊరుకోలేదు. నా వేళ్ళని నున్నగా చేసేశాయి.

ఇప్పుడు నా బొటనవేలు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. ఒక గీత లేదు, ఒక మెలిక లేదు. నా ఉద్యోగ జీవితంలో ఇంత నునుపుగా వచ్చిన పని ఇంకోటి లేదంటే నమ్మండి.

దీనివల్ల లాభాలు ఒకటా రెండా? దొంగతనం సంగతే తీసుకోండి. నేనెప్పుడూ చెయ్యలేదు, చేసే ఉద్దేశమూ లేదు. కానీ చెయ్యాలనుకుంటే ఈ ఊళ్ళో నా అంత అర్హత ఎవరికుంది? పాపం దొంగలు ఎండాకాలంలో కూడా గ్లవ్స్ తొడుక్కుని చెమటలు కక్కుతూ పని చేసుకుంటారు. నాకా ఖర్మ లేదు. నేనెళ్ళిన చోటల్లా సిమెంటు పొడి రాలుతుంది కాబట్టి పది నిమిషాల్లో పట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఫోన్ విషయం చెప్పమంటారా? మా అమ్మాయి నాకొక స్మార్ట్‌ఫోన్ ఇచ్చి, "వేలు పెడితే చాలు నాన్నా, తెరుచుకుంటుంది" అంది. పెట్టాను. తెరుచుకోలేదు. పది వేళ్ళూ పెట్టాను. ఉలకలేదు, పలకలేదు. చివరికి మా అమ్మాయి నా మోచేతిని నమోదు చేసింది. ఇప్పుడు నేను ఫోన్ తెరుస్తుంటే చూసేవాళ్ళకి దోమను చంపుతున్నట్టు కనిపిస్తుంది. మోచెయ్యి నొప్పి పుట్టి రోజుకు రెండుసార్లకి మించి దాని జోలికి పోను. మీరు రోజుకి ఎన్నిసార్లు చూస్తారు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి!

ఇక మా ఇంట్లో పట్టకారు లేదు. పొయ్యి మీద కుతకుతలాడే గిన్నెని నేను ఉత్త చేతులతో దించేస్తాను. ఉన్న ఒక్క పట్టకారునీ మా ఆవిడ పక్కింటావిడకి ఇచ్చేసింది. "మాకెందుకండీ, మా ఆయన ఉన్నారుగా" అందట. ఏ భార్య అయినా భర్తని ఇంతకంటే గొప్పగా పొగిడిందా?

బస్సులో నా రాజసం చూడాలి మీరు. నేను కూర్చుంటే పక్కనున్న పెద్దమనిషి ఒకసారి నా చొక్కా వంక, ఒకసారి తన చొక్కా వంక చూసుకుని, రెండు స్టాపుల ముందే లేచి నిలబడతాడు. ముగ్గురు పట్టే సీటులో నేనొక్కణ్ణే, కాలు మీద కాలేసుకుని, కిటికీలోంచి ఊరు చూసుకుంటూ వెళతాను. మంత్రులకైనా ఉందా ఈ భోగం?

ఇంత వైభోగంలో ఉన్న నన్ను చూసి ఎవరి కన్ను కుట్టిందో గానీ, ఈ మధ్య కొత్త రూలొకటి వచ్చింది. ఆ పైనెల ఒకటో తారీకు నుంచి ఊళ్ళో కొత్తగా కడుతున్న ఏ భవనంలోకి అడుగు పెట్టాలన్నా కార్మికుడి కార్డు ఉండాలి. గేటు దగ్గర మిషన్ మీద వేలు పెట్టాలి. వేలూ కార్డూ కలిస్తే లోపలికి, కలవకపోతే ఇంటికి. ఎందుకయ్యా అంటే, నకిలీ కార్మికులు దూరుతున్నారట! మండుటెండలో ఇటుకలు మోయడానికి దొంగచాటుగా దూరే ఆ మహానుభావులెవరో ఇన్నేళ్ళలో నాకైతే ఒక్కడూ తగల్లేదు.

కార్డు లేకపోతే నాకు పని లేదు. పని లేకపోతే ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు, ఈ చేతులకి వేరే విద్య రాదు. పైగా ఊరి చివర కడుతున్న పెద్దాసుపత్రిలో మెట్ల గోడ సగం పూసి ఉంచాను. సగం పూసిన గోడని వదిలి రావడమంటే సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి రావడమే.

సరే, కార్డు కోసం కార్మికుల ఆఫీసుకి వెళ్ళాను. తోడుగా మా బావమరిది వచ్చాడు. ఇతను మా ఆవిడ తమ్ముడు. ఏసీ ఆఫీసులో ఉద్యోగం. అక్కడ ఏం పని చేస్తాడని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను. అతనూ ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. నాకింకా అర్థం కాలేదు.

కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నా ఫొటో తీసింది, వివరాలు కొట్టింది, మిషన్ ముందుకు జరిపింది. "వేలు పెట్టండి అంకుల్."

పెట్టాను. ఎర్రలైటు.

"తుడుచుకుని పెట్టండి."

చొక్కాకి తుడుచుకుని పెట్టాను. చొక్కా మీద ఉన్న సిమెంటు వేలికి అంటుకుని ఇంకా ఎర్రగా వెలిగింది.

"గట్టిగా నొక్కండి."

"నేను గట్టిగా నొక్కితే మిషన్ మిగలదమ్మా" అన్నాను.

ఒక్కో వేలూ పెట్టుకుంటూ పోయాను. పదీ అయ్యాయి. "వేళ్ళు అయిపోయాయి అంకుల్" అంది దిగులుగా.

"కాలివేళ్ళున్నాయమ్మా. చెప్పులు విప్పమంటావా?"

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. ఆ అమ్మాయి వద్దంది.

అప్పుడు మా బావమరిది రంగంలోకి దిగాడు. "బావా, నువ్వు పెట్టే పద్ధతే తప్పు. ఇటుక మీద పెట్టినట్టు పెడతావేంటి? ఇలా, పువ్వు మీద పెట్టినట్టు పెట్టాలి" అంటూ నాకు చూపించడానికి తన వేలు ఆనించాడు. ఆనించాడో లేదో టింగుమని పచ్చలైటు! కౌంటర్ వెనక ప్రింటర్ గరగరలాడింది. కార్డు బయటికొచ్చింది. నా ఫొటో, నా పేరు, అతని వేలు. వృత్తి: తాపీ మేస్త్రీ. అనుభవం: ముప్ఫై రెండేళ్ళు!

మా బావమరిదికి తాపీ చూపిస్తే కేకు కోసేదనుకుంటాడు. ఆ అమ్మాయి తల పట్టుకుని ఆ కార్డుని రద్దు చేసేలోగా రెండు నిమిషాల పాటు అతను ఊరు గుర్తించిన మేస్త్రీ. ఆ రెండు నిమిషాలకే ఇంటికెళ్ళి నడుం నొప్పని పడుకున్నాడట.

"ఒకటే దారుంది అంకుల్" అంది ఆ అమ్మాయి చివరికి. పాపం మంచి పిల్ల. "ఓ మూడు వారాలు చేతులకి సిమెంటు తగలనివ్వకండి. పని మానేసి ఇంట్లో కూర్చోండి. గీతలు వాటంతటవే వస్తాయి."

"అంటే, పనివాణ్ణని కార్డు ఇవ్వాలంటే నేను పని మానెయ్యాలా అమ్మా?"

"రూలు అలా ఉందంకుల్. నన్నేం చెయ్యమంటారు?"

అలా మొదలైంది నా రాజభోగంలో రెండో అధ్యాయం. మా ఆవిడ నా రెండు చేతులకీ క్రీము పూసి మేజోళ్ళు తొడిగింది. తలుపు గడియ నేను తియ్యకూడదు. చెంబు నేను ఎత్తకూడదు. "ఏమండీ, ఆ కుర్చీ జరపకండి, గీత చెరిగిపోతుంది!" అని వంటింట్లోంచి కేక. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టకుండా మనిషి బతకడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

మా బావమరిది రోజూ సాయంత్రం వచ్చి తనిఖీ చేసేవాడు. "బావా, నువ్వు ఊరికే కూర్చోవడం కూడా ఏదో పని చేస్తున్నట్టే కూర్చుంటున్నావు. ఒళ్ళు వదిలెయ్. నన్ను చూడు" అనేవాడు. చూశాను. నిజంగా అదొక విద్యేనండీ. నాకు ఈ వయసులో పట్టుబడదు.

తొమ్మిదో రోజున వంటింటి గోడ మీద పగులు కనిపించింది. అది ఇరవయ్యేళ్ళుగా అక్కడే ఉంది. మేస్త్రీ ఇంటి గోడ చూసే తీరిక మేస్త్రీకి ఎక్కడిది? ఇప్పుడు మాత్రం అది నన్నే చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. మా ఆవిడ బజారుకెళ్ళినప్పుడు మేజోళ్ళు విప్పేసి, ఒక చెంచా, ఒక టూత్‌పేస్టు ట్యూబూ పట్టుకుని పగులు పూడ్చడం మొదలుపెట్టాను. సగంలో దొరికిపోయాను. పరాయి ఆడదానితో దొరికినా అంత రభస చేసేది కాదు. "బుద్ధుందా మీకు? బొటనవేలి మీద ఇప్పుడిప్పుడే రెండు గీతలొస్తున్నాయి, వాటిని పొట్టన పెట్టుకుంటారా?" అని ఏడ్చినంత పని చేసింది.

ఇరవై రెండో రోజున మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. వేలు పెట్టాను, పువ్వు మీద పెట్టినట్టే. పచ్చలైటు! ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. కార్డు చేతికొచ్చింది. 'ఇతను నిత్యం కాయకష్టం చేసే కార్మికుడని ధ్రువీకరించడమైనది' అని అచ్చు వేసి ఉంది. మూడు వారాలుగా కుర్చీలోంచి లేవనివాడికి, మేజోళ్ళు తొడుక్కుని గడియ కూడా తియ్యనివాడికి, ఎంత సరైన బిరుదు!

మర్నాడే ఆసుపత్రి గేటు దగ్గర వేలు పెట్టాను. టింగుమంది. పరంజా ఎక్కి నా మెట్ల గోడ దగ్గర నిలబడ్డాక గానీ ప్రాణం కుదుటపడలేదు. మూడు వారాల ఆకలి మీద ఉన్నానేమో, రెండు రోజుల పని ఒక్క రోజులో లాగేశాను.

గ్లవ్స్ వేసుకోవచ్చుగా అంటారేమో. వేసుకున్నాను స్వామీ. గ్లవ్స్ తొడుక్కుని గోడ పూయడమంటే కళ్ళకి గంతలు కట్టుకుని పేపరు చదవడమే. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చెప్పేది వేలికొన. కంటికి కనపడని వెంట్రుకవాసి తేడా కూడా వేలికి తెలిసిపోతుంది. మధ్యాహ్నానికే వాటిని తీసి అవతల పడేశాను.

ఆరో రోజు పొద్దున గేటు దగ్గర ఎర్రలైటు వెలిగింది.

వాచ్‌మన్‌కి నేను నాలుగు భవనాల నుంచి తెలుసు. అయినా కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మేస్త్రీ, ఈ కార్డు ఎవరిది?" అన్నాడు.

"నాదే. ఫొటో చూడు."

"ఫొటో నీదే. నువ్వని నాకూ తెలుసు. నాకు తెలిసి ఏం లాభం? దానికి తెలియాలి" అని మిషన్ వైపు చూపించాడు. నా ముఖం చూసి జాలేసినట్టుంది, భుజం మీద చెయ్యేసి ధైర్యం చెప్పాడు. "దిగులు పడకు. ఓ మూడు వారాలు పని మానేసి రా, హాయిగా పనిలోకి పంపిస్తా."

నా మెట్ల గోడని వేరే అతనికి ఇచ్చారు. అతని వేలిముద్రలు బ్రహ్మాండంగా ఉన్నాయట, మిషన్ ఒక్కసారి కూడా కాదనలేదట. గోడే కాస్త అలలు అలలుగా వచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు.

అందుకే పై అధికారులకి ఒక చిన్న విన్నపం చేసుకుంటున్నాను. మిషన్ మార్చక్కర్లేదు. రూలూ మార్చక్కర్లేదు. లైట్లు అటుదిటు ఇటుదటు మార్చండి, అంతే! వేలు పెట్టగానే గుర్తుపట్టిందా, ఎర్రలైటు. అతన్ని బయటే ఆపండి, అతను పనివాడు కాదు. ఎవరి వేలు పెడితే మిషన్ నోరు పెగలక బిక్కమొహం వేస్తుందో అతన్ని మర్యాదగా లోపలికి పంపండి. అప్పుడు కాంట్రాక్టరు గారు, మేనేజరు గారు, ఫైళ్ళు పట్టుకుని తిరిగే బాబులు, తనిఖీకొచ్చే మీరూ అందరూ గేటు బయటే ఉండిపోతారు, నిజమే. భవనం నెల ముందే పూర్తవుతుంది. ముప్ఫై రెండేళ్ళు పని చేస్తే గానీ వేలు ఇలా అరగదు. నేనెవరో చెప్పడానికి అంతకంటే ఏం సాక్ష్యం కావాలయ్యా మీకు?

ఈ మాటలన్నీ నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. కలం పట్టుకోవడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. మళ్ళీ పని మానేసి ఇంట్లో కూర్చుని ఇవాళ్టికి పదకొండో రోజు. కుడి బొటనవేలి మీద నాలుగు గీతలు మొలిచాయి. ఇంట్లో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఆ గీతల్ని చూస్తే నాకు మాత్రం ఏడుపొస్తోంది.