ఇంజిన్ లేని పికప్ ఎంత సుఖమో!

పాత పికప్ ఒకటి ఇంట్లో ఉండి, దానికి ఇంజిన్ లేకపోవడమంత సుఖం ఈ లోకంలో మరొకటి లేదు. నవ్వకండి! నర్సరీ నడుపుకునే ఒకావిడకు ఏం జరిగిందో వింటే మీరే ఒప్పుకుంటారు.

ఆవిడను అందరూ మొక్కలమ్మ అనే పిలుస్తారు. గులాబీలు, క్రోటన్లు అమ్మి కూడబెట్టుకున్న దాంతో సెకండ్‌హ్యాండ్‌లో ఆ పికప్ కొనుక్కుంది. దాని మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. దాన్నిండా కుండీలు పేర్చుకుని ఊరంతా తిరిగింది. కొన్నేళ్లకు బండి పొగ కక్కడం మొదలుపెట్టి, ఒకనాడు నడిరోడ్డు మీద పూర్తిగా పడకేసింది.

మెకానిక్ ఇంజిన్ దించి తీసుకెళ్లి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, కొత్తదానిలా తయారుచేసి పంపాడు. బండి షెడ్డుకు పంపిస్తే తానే బిగించి ఇస్తానన్నాడు కూడా. ఆవిడ భర్త ఒప్పుకుంటేగా! ఆయన బీమా ఆఫీసులో సూపర్‌వైజరు. ఫోనులో వీడియోలు చూసి చూసి, ఇంజిన్ల విషయంలో ఇక తనకు తెలియాల్సిందేమీ లేదన్న నిశ్చయానికి వచ్చినవాడు.

“వాళ్లకి మనసు పెట్టి చేయడం తెలీదు. నీ బండికి నేనే బిగిస్తాగా,” అన్నాడు.

అలా ఇంజిన్ వరండాలో పాలిథీన్ కవరు కప్పుకుని కూర్చుంది. బండి పెరట్లో రేకుల కింద నిలబడింది. సుఖాలు మొదలయ్యాయి.

ఇంజిన్ లేని బండిని దొంగ ఎత్తుకుపోతాడా? పోలీసు ఆపుతాడా? స్టేషన్ దాకా దింపి రమ్మని ఏ చుట్టమైనా అడుగుతాడా? బానెట్ కింద ఖాళీ చూసుకుని వీధి పిల్లి పిల్లల్ని పెట్టింది. వెనక తొట్టిలో మొక్కలమ్మ నారు ట్రేలు పేర్చుకుంది. ఎండ తగలదు, కోళ్లు కెలకవు, నీళ్లు పోస్తే పక్కకు పోవు. ఏ ప్రభుత్వం కట్టిస్తుందండీ ఇంత మంచి నర్సరీ!

చిన్న ఇబ్బందల్లా ఒకటే. మొక్కలు చేరవేయడానికి ట్రాలీ ఆటో పిలవాల్సి వచ్చేది. ఆ ఆటో అతను గతుకుల మీద తోలే తోలుడుకు, గులాబీలు బయల్దేరేటప్పుడు పూలతోనూ దిగేటప్పుడు ముళ్లతోనూ ఉండేవి. పైగా కొత్తగా కట్టిన బడి ఒకటి, ఆవరణంతా మొక్కలు నాటమని ఆవిడకు అప్పగించింది. అంత పెద్ద పని ఆవిడ చేతికి రావడం అదే మొదలు. ప్రతి ఆదివారం ఆవిడ ఇంజిన్ సంగతి అడిగేది. ప్రతి ఆదివారం ఆయన వచ్చే ఆదివారం అనేవాడు. ఎత్తి పెట్టేయడానికి అదేమన్నా పూలకుండీయా అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

చివరికి ఒక ఆదివారం హెడ్మాస్టరమ్మ ఫోన్ చేసి, సోమవారం సాయంత్రానికల్లా మొక్కలు రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామంది. అయితే మెకానిక్‌ను పిలుస్తానని మొక్కలమ్మ భర్తకు చెప్పింది. ఆయన పౌరుషానికి ఇంతకు మించిన దెబ్బ లేదు. మర్నాడే ఆఫీసుకు సెలవు పెట్టి, సైన్యాన్ని పోగుచేశాడు.

సైన్యమంటే ఇద్దరు. ఒకరు మొక్కలమ్మ తమ్ముడు. బరువు ఎక్కడుంటే దానికి ఎదురు చివర నిలబడే రకం. రెండో ఆయన పక్కింటి పెద్దమనిషి, బస్సు డిపో ఆఫీసులో రిటైరయ్యాడు. ఏ నట్టు కనబడినా “టార్క్ ఎంత?” అని, అంటే ఎంత బలంగా బిగించాలని, అడుగుతాడు కనుక వీధిలో ఆయన పేరు టార్క్ గారు. ఎంతో ఆయనకూ తెలియదు.

ముందుగా పిల్లినీ పిల్లల్నీ ఖాళీ చేయించారు. నారు ట్రేలు తీసి ఎండలో పడేశారు. ఇంజిన్‌ను గొలుసు కప్పీకి వేలాడదీశారు. ఇక చూడాలి! తమ్ముడు ఎడమకంటాడు, టార్క్ గారు కుడికంటారు, ఇంజిన్ మధ్యలో ఉయ్యాల ఊగుతుంది. గేర్‌బాక్స్ షాఫ్ట్ వచ్చి క్లచ్ ప్లేటు రంధ్రంలో దూరాలి. అది దూరదు. మెకానిక్ కావాలనే ఏదో మెలిక పెట్టి పంపాడని సూపర్‌వైజరు తేల్చాడు. బానెట్ కింద టార్చి పట్టుకుని వంగి నిలబడ్డ మొక్కలమ్మకు నడుము పడిపోతోంది. వెలుగు సరిగ్గా వేయనందువల్లే దూరడం లేదని ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

మధ్యాహ్నం గేర్‌బాక్స్ కింద పెట్టిన జాకీ ఉన్నట్టుండి కాస్త జారింది. గేర్‌బాక్స్ ఒక పక్కకు ఒరిగింది. టక్కున షాఫ్ట్ లోపలికి వెళ్లిపోయింది. చూశారా నా లెక్క అన్నాడు సూపర్‌వైజరు.

బోల్టులు బిగించారు. కొన్ని మిగిలాయి. కంపెనీవాళ్లు ఎక్స్‌ట్రా ఇస్తారని టార్క్ గారు సర్దిచెప్పారు. సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీని తిట్టారు, మెకానిక్‌ను తిట్టారు, బండి పుట్టిన ఫ్యాక్టరీని తిట్టారు. మొక్కలమ్మ, ఎక్కడా తగిలించకుండా వేలాడుతున్న ఎర్త్ వైరు మీదకు టార్చి వేసింది.

“అదే నేనూ చెప్పబోతున్నా,” అన్నాడు ఆయన.

వైరు బిగించి మళ్లీ కొట్టారు. ఇంజిన్ ఒక్కసారి దగ్గి, అందుకుంది! పొగ లేదు, మూలుగు లేదు. మొక్కలమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సూపర్‌వైజరు బానెట్ మీద చేయి వేసి, “ఎట్లా ఉంది నా బండి?” అన్నాడు.

పొద్దుటిదాకా ఎవరి బండండీ అది? అడిగినవాళ్లు లేరు. కూతురింటికి సోఫా చేరవేయాలి, మంగళవారం ఇస్తావా అన్నారు టార్క్ గారు. తీసుకోండన్నాడు ఆయన. తమ్ముడికి బుధవారం రాసిచ్చేశాడు. అన్నగారికి ఫోన్ చేసి, ఇల్లు కట్టుకుంటున్నావుగా, ఇవాళే వచ్చి సిమెంటు వేసుకెళ్లమన్నాడు. వరాలిచ్చే దేవుడికి కూడా అంత ధారాళం ఉండదు.

“మరి బడి మొక్కలో?” అంది ఆవిడ.

“ట్రాలీ ఆటో ఉందిగా. అన్నయ్యకు మాటిచ్చేశాను.”

ఆవిడ వాడిపోయిన నారు మీద నీళ్లు చల్లి నీడకు చేర్చింది. తర్వాత బడికి వెళ్లాల్సిన కుండీలు ఒక్కొక్కటే మోసుకొచ్చి తొట్టిలో పేర్చసాగింది. ఇంజిన్ పక్కన నిలబడి ఫొటోలు దిగే సందడిలో మగవాళ్లు పట్టించుకోలేదు. ఆవిడ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాక గాని సూపర్‌వైజరుకు విషయం అందలేదు. కిటికీ దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు.

“అన్నయ్యకు ఏం చెప్పమంటావు?”

“ఇన్నాళ్లూ నీ బండి, నీ బండి అన్నారుగా,” అందావిడ. “ఆ మాటే చెప్పండి.”

గేరు మెత్తగా పడింది. బండి గేటు దాటింది. చీకటి పడకముందే మొక్కలు బడికి చేరాయి. హెడ్మాస్టరమ్మ మిగతా ఆవరణ కూడా ఆవిడకే అప్పగించింది. ఆ రోజు నుంచి తాళంచెవి ఆవిడ కొంగు వదల్లేదు.

కనుక, ఇంట్లో ఆడమనిషి పేరున బండేదైనా ఉంటే, ఇంజిన్ దించి ఉంచండి. నడవనంత కాలమే అది నిర్వివాదంగా ఆవిడది.

సూపర్‌వైజరు ఆ సాయంత్రమే అన్నగారికి, ఆపైన బావమరిదికి, టార్క్ గారికి వరసగా ఫోన్లు చేశాడు. బండి తన భార్యదని చెప్పాడనుకుంటున్నారా? ఇంజిన్ సరిగ్గా కూర్చోలేదని, ఎంతైనా బిగించింది తనే కదా అని చెప్పాడు.