ఇంటిపేరు చివరి అక్షరం

ఆ ఉదయం పెద్దన్నయ్య పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిను తినేలోపు, బోర్డు రాసే పెయింటరుకి నాన్నగారి పేరు కాగితం మీద రాసివ్వాలి. ఆయన ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన బడిలో చదువుకునే గదికి ఆ సాయంత్రమే ఆయన పేరు పెడుతున్నారు. పెయింటరు తెలుగులో రాసేశాడు. దాని కింద ఇంగ్లీషు అక్షరాలే మిగిలాయి.

ఇంటిపేరు చివర పెద్దన్నయ్య వై పెట్టాడు. తమ్ముడు తొంగి చూశాడు.

"వై ఏంటన్నయ్యా? మనది ఐ కదా."

"నా సర్టిఫికెట్లన్నీ వైయే."

"నావన్నీ ఐ మరి."

వంటింట్లోంచి చెల్లెలు వచ్చింది. "రెండు ఈలు. నాన్న నా వేలు పట్టుకుని దిద్దించారు. రెండు దువ్వెనలు పక్కపక్కన పెట్టమ్మా అన్నారు."

నిజానికి నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. పిల్లల్ని బళ్లో చేర్చిన రోజున గుమాస్తా ఏది రాస్తే దానికే సరేనని, ఇంటికొచ్చి అదే ప్రేమగా దిద్దించేవారు. ముగ్గురు పిల్లలకీ ముగ్గురు గుమాస్తాలు తగిలారు.

మాటా మాటా పెరిగింది. "నాన్న నీకొక్కడికే నాన్నా?" అని తమ్ముడు చెప్పులేసుకున్నాడు. చెల్లెలు కళ్లొత్తుకుంటూ తన ఇంటికి వెళ్లిపోయింది. టిఫిను చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి ఎవరింట్లో వాళ్లు మెత్తబడ్డారు. పెద్దన్నయ్యకి చెల్లెలి దువ్వెనలు గుర్తొచ్చి పెయింటరుకి ఫోన్ చేశాడు. "రెండు ఈలు పెట్టు బాబూ."

కాసేపటికి తమ్ముడు చేశాడు. "మా అన్నయ్య మాటే కానీ. వై పెట్టు."

ఆ వెంటనే చెల్లెలు. "చిన్నన్నయ్య అలిగాడు. ఐ పెట్టండి."

పెయింటరు తల పట్టుకున్నాడు. ముందు ఫోన్ చేసినవాళ్లదే ఖాయం చేసుకుని కుంచె అందుకున్నాడు.

సాయంత్రం తెర తీశారు. ముగ్గురూ ఎవరి అక్షరం కోసం వాళ్లు కాకుండా, పక్కవాళ్ల అక్షరం కోసం వెతికారు. చివర ఒకే ఒక్క ఈ ఉంది.

"రెండోదానికి చోటు చాల్లేదండీ," అన్నాడు పెయింటరు. "చెరిపి మళ్లీ రాయమంటారా?"

పెద్దన్నయ్య తోబుట్టువుల వైపు చూశాడు. తమ్ముడు అప్పటికే నవ్వాపుకోలేక అవస్థ పడుతున్నాడు.

"వద్దులే. మా ముగ్గురిలో ఎవరిదీ కాదు. అలాగే ఉండనీ."

మరుసటేడు తన మనవణ్ణి అదే బళ్లో చేరుస్తుంటే, పేరెలా రాయాలని గుమాస్తా అడిగాడు. పెద్దన్నయ్య అతన్ని బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ఇప్పుడు ఆ ఇంటి పిల్లలందరూ చివర ఒకే ఈ రాస్తారు. ఎందుకని అడిగితే, తాతల నాటి పద్ధతి అంటారు.